నవ్వుకోనివ్వండి, కానీ మిగతా సగం కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒక రిటైర్డ్ మాస్టారు రాసింది చదివాను. పాడ్‌కాస్టులు చేసే కామెడీ కుర్రోళ్ళు సైన్సు వార్తలు పట్టుకుని వెకిలి నవ్వులు నవ్వుతున్నారు, శాస్త్రవేత్తలంటే పిల్లలకి గౌరవం లేకుండా పోతోంది, ఇలాంటివి ఎవరో ఒకరు ఆపించాలి అని ఆయన బాధ. బాధ అర్థమైంది గానీ ఒప్పుకోబుద్ధి కాలేదు, అందుకే ఈ ఉత్తరం. పెద్దదైపోతే కత్తిరించుకోండి, కానీ కింద తాబేళ్ళ సంగతి ఒకటి వస్తుంది, దాన్ని మాత్రం కత్తిరించకండి.

మాది బరంపురం, ఒడిషాలో గంజాం జిల్లా. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ లోంచి అటు వెళ్ళిపోయిన ఊరు, తెలుగు మాత్రం ఇళ్ళల్లో అలాగే ఉండిపోయింది. పిల్లల చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో, బజార్లో బేరాలు ఒడియాలో, తిట్టుకోడం రెండిట్లోనూ. మా ఇంట్లో అప్పడాల పని. పొద్దున్నే మినప్పిండి ముద్ద దంచి ఉండలు చేసి పెట్టుకుంటే ఆడవాళ్ళం అందరం పీటలు ముందేసుకుని కూచుంటాం, ఎండ పోకముందే డాబా మీద ఆరాలి కదా, అందుకని నోటికి ఖాళీ ఉంటుంది గానీ చేతికి ఉండదు. ఫోను స్టీలు గిన్నెలో నిలబెడితే సౌండు గట్టిగా వస్తుంది, అందులో ఏదో ఒకటి మోగుతూ ఉండాలి. ఇదివరకు పాటలు, తర్వాత సీరియళ్ళు, ఇప్పుడు ఏడాది పైనుంచీ ఈ పాడ్‌కాస్టు. ఇద్దరు కుర్రోళ్ళు, ఒకడు ఫోన్లో వింత సైన్సు వార్త చదువుతాడు, రెండోవాడు దాని మీద జోకులేస్తాడు. పేరు రాయను, ఫ్రీ పబ్లిసిటీ ఎందుకు, వాళ్ళకి ఇప్పటికే బోల్డంత మంది ఉన్నారు.

ముందు మాస్టారికి సమాధానం చెప్పేస్తాను. సైన్సుని చూసి నవ్వడం ఈ కుర్రోళ్ళు కనిపెట్టింది కాదండీ. 1991 నుంచీ ఇగ్ నోబెల్ అని బహుమతులు ఇస్తున్నారు, మార్క్ అబ్రహామ్స్ అనే ఆయన అమెరికాలో మొదలుపెట్టాడు, ముందు నవ్వు రావాలి తర్వాత ఆలోచన రావాలి, అదే వాళ్ళ రూలు. ఆ బహుమతులు స్టేజీ మీద చేతికిచ్చేది అసలు నోబెల్ వచ్చిన పెద్దలే. ఆంద్రె గైమ్ అని ఒక భౌతికశాస్త్రం ఆయన బతికున్న కప్పని పెద్ద అయస్కాంతం మీద గాల్లో తేల్చాడు, కప్ప ఒంట్లో ఉన్నది ఎక్కువ నీరే కదా, నీటిని అయస్కాంతం చాలా చాలా కొద్దిగా వెనక్కి నెడుతుంది, అయస్కాంతం బలం విపరీతంగా పెంచితే ఆ కొద్దిపాటి నెట్టుడే కప్ప బరువుని మోసేస్తుంది. దానికి 2000లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, అందరూ పడీపడీ నవ్వారు. అదే మనిషికి 2010లో అసలు నోబెల్ వచ్చింది, గ్రాఫీన్‌కి, అంటే ఒక్క అణువు మందం మాత్రమే ఉండే కార్బన్ పొరకి. అదెలా తీశారంటే పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ మీద సెల్లోటేపు అంటించి ఊడదీసి, మళ్ళీ అంటించి మళ్ళీ ఊడదీసి, పొరలు పల్చన చేసుకుంటూ పోయారు. సెల్లోటేపండీ. మరి కప్పని చూసి నవ్వినోళ్ళ వల్ల ఆయనకి గౌరవం తగ్గిందా? కాబట్టి నవ్వితే గౌరవం పోతుందన్న మాట నేను ఒప్పుకోను. నా కంప్లైంటు వేరే ఉంది, అది ఆ కుర్రోళ్ళ మీదా ఉంది, మీ పేపరు మీదా ఉంది.

ఒక ఎపిసోడు సంగతి చెప్తాను. మొదటివాడు చదివాడు, "ఒరేయ్ మామా, సౌతాఫ్రికాలో సైంటిస్టులు పేడపురుగుకి టోపీ పెట్టార్రా." రెండోవాడు "ఏరా, పెళ్ళా?" అన్నాడు. ఇంక చూస్కోండి, పేడపురుగు పెళ్ళి, పేడపురుగు షేర్వాణీ, కట్నం కింద ఎంత సైజు పేడ ఉండ ఇస్తారు, మామగారు ఉండ చిన్నదైందని అలిగి విడిదింట్లో కూచోడం, అప్పగింతలప్పుడు ఉండ ఎవరు దొర్లించాలి, ఇలా పావుగంట సాగదీశారు. నిజం చెప్పొద్దూ, మేం అప్పడాలు ఒత్తడం ఆపేసి నవ్వాం, ఎదురింటి వదినకి పొలమారింది. తర్వాత టకీమని వేరే వార్తలోకి వెళ్ళిపోయారు. అప్పుడు మా పెద్దత్త, ఎనభై దగ్గరపడిన మనిషి, బడికెళ్ళింది లేదు, కర్ర పీట మీద పెట్టేసి అడిగింది, "ఓలమ్మ, అంతా సెప్పేరు, టోపీ ఎందుకెట్టేరో సెప్పలేదేటి?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. మా ఆడపడుచు కూతురు బీఎస్సీ చదువుతోంది, సాయంత్రం అది వచ్చి వెతికి చెప్పింది. ఈ పేడపురుగు పేడ కుప్ప దగ్గర ఉండ చుట్టుకుని అక్కణ్ణించి సరాసరి గీత గీసినట్టు పారిపోవాలి, వంకర్లు తిరిగితే మళ్ళీ కుప్ప దగ్గరికే వచ్చేస్తుంది, అక్కడున్న మిగతా పురుగులు ఉండ లాక్కుంటాయి. మరి చందమామ లేని రాత్రి కూడా అది తిన్నగా ఎలా పోతోంది? స్వీడన్ లుండ్ యూనివర్సిటీలో మేరీ డాకే అనే ఆవిడకీ, సౌతాఫ్రికా వాళ్ళకీ వచ్చిన డౌటు ఇది. ఆకాశం చూసి పోతోందా అని తేల్చాలంటే ఆకాశం కనపడకుండా చెయ్యాలి, అందుకని నల్ల అట్టముక్కతో చిన్న టోపీ. టోపీ పెట్టగానే పురుగు దారి తప్పి తెగ తిరిగేసింది.

ఇక్కడిదాకా విని పెద్దత్త వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. నెత్తి మీద బరువు పెడితే ఏ పురుగైనా తిక్కతిక్కగా తిరుగుద్ది కదే, ఆకాశం వల్లే అని ఎలాగ తెలుసు? సరిగ్గా అదే ప్రశ్న వాళ్ళకీ వచ్చిందండీ, అందుకే వేరే పురుగులకి అలాంటిదే ఇంకో టోపీ పెట్టారు, కాకపోతే గాజులా ఆరపారా కనపడే ప్లాస్టిక్‌ది. టోపీ ఉంది, ఆకాశమూ కనపడుతోంది, అవి చక్కగా తిన్నగా పోయాయి. మేం కొత్త కొట్లో సోడా కొన్నప్పుడు పాత సోడాతో కూడా ఒక చిన్న ముద్ద పక్కన కలిపి పెట్టుకుంటాం, రెండూ వేయించి చూస్తే గానీ అప్పడం పొంగకపోడం సోడా తప్పో పిండి తప్పో తెలీదు, ఆ ప్లాస్టిక్ టోపీ ఇదే కదా అంది మా వదిన. తర్వాత ఆ పురుగుల్ని జోహానెస్‌బర్గ్ ప్లానెటోరియంలోకి తీసుకెళ్ళి పైకప్పు మీద మిగతా చుక్కలన్నీ ఆపేసి ఒక్క పాలపుంత పట్టీ మాత్రం చూపిస్తే, చుక్కలన్నీ ఉన్నప్పుడు ఎంత తిన్నగా పోయాయో ఇంచుమించు అంతే తిన్నగా పోయాయట. పేడ ఉండ నెట్టుకుంటూ పాలపుంత చూసుకుని నడిచే పురుగు! 2013లో దీనికి ఇగ్ నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, పెళ్ళికొడుకు టోపీ జోకు పెద్దదా, ప్లాస్టిక్ టోపీ పెద్దదా? పేడపురుగుకి ఒక టోపీ పెడితేనే నవ్వొస్తే, "ఇది ఉత్తుత్తి టోపీ, ఇది అసలు టోపీ" అని రెండు రకాలు కుట్టి కూచున్న సైంటిస్టుని తల్చుకుంటే ఇంకెంత నవ్వు రావాలి. కామెడీ అక్కడ ఉంటే వీళ్ళు హెడ్డింగు దగ్గరే దుకాణం కట్టేశారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు అని ఎవరినైనా వెక్కిరించే ముందు ఆ గుడ్డు మీద ఈక ఎందుకు వెతికారో ఒక్క నిమిషం అడగాలి కదా.

ఎందుకు అడగట్లేదో కూడా మాకు తర్వాత తెలిసింది. వాళ్ళు ఆ వార్తలు తీసేది మీలాంటి పేపర్ల నుంచే. ఒకసారి ఆ చదివేవాడే చెప్పాడు, "పేపర్లో ఇంతే ఉంది మామా" అని. నాలుగో పేజీలో కింద మూలన అగ్గిపెట్టంత బాక్సు, "వింతగా ఉందే!" అని ఒక హెడ్డింగు, లోపల "శాస్త్రవేత్తలు తేల్చారు" అని ఒక వాక్యం, ఓ గూగుల్ ఫోటో. ఏ శాస్త్రవేత్తలు? వాళ్ళకి ఊరు లేదా, ఇంటిపేరు లేదా? ఎన్నింటి మీద చూశారు? దేంతో పోల్చారు? ఏమీ ఉండదు. పెళ్ళి వార్త వేస్తే పెళ్ళికొడుకు తాతగారి ఊరితో సహా వేస్తారు, సైన్సు వార్తకొచ్చేసరికి అంత పొదుపు ఎందుకో.

పేపర్లో అరకొరగా వస్తే ఏం కొంప మునిగింది అంటారేమో, కొబ్బరికాయ సంగతి వినండి. మా వైపు గోపాలపురం నుంచి ఇచ్ఛాపురం దాకా కొబ్బరి చెట్లే కదా, అందుకని ఈ ఎపిసోడు మేం చెవులు రిక్కించి విన్నాం. "ప్రపంచంలో ఏడాదికి 150 మంది కొబ్బరికాయ నెత్తిమీద పడి పోతున్నారు, షార్కుల కన్నా కొబ్బరికాయే డేంజరు" అన్నాడు, ఇంక కొబ్బరికాయ విలన్ అయితే ఎలా ఉంటుంది, చెట్టు మీంచి గొంతు మార్చి పంచ్ డైలాగులు, అదంతా బాగానే ఉంది. కానీ ఈ 150 లెక్క ఎక్కణ్ణించి వచ్చింది? మా బీఎస్సీ పిల్లే మళ్ళీ వెతికింది. పీటర్ బార్స్ అనే డాక్టరు పాపువా న్యూగినీలో అలొటావు అనే ఊళ్ళో ఆస్పత్రిలో పనిచేశాడు. అక్కడ చాలా ఇళ్ళు కొబ్బరి చెట్ల కిందే. నాలుగేళ్ళ పాటు దెబ్బలు తగిలి ఆస్పత్రిలో చేరిన వాళ్ళ రికార్డులు చూస్తే అందులో 2.5 శాతం కొబ్బరికాయ పడిన కేసులు. చెట్టు 24 నుంచి 35 మీటర్ల దాకా ఉంటుంది, డొక్కతో ఉన్న కాయ ఒక కేజీ నుంచి 4 కేజీల దాకా తూగుతుంది, అంత ఎత్తు నుంచి తల మీద పడితే టన్నుకి మించిన దెబ్బ కావచ్చు అని లెక్క కట్టాడు. తలకి దెబ్బ తగిలిన నలుగురి గురించి రాశాడు, అందులో ఇద్దరికి పుర్రె తెరిచి ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది, ఇంకో ఇద్దరు ఊళ్ళోనే ప్రాణం వదిలేశారు. 1984లో వచ్చిన ఈ పేపరుకి 2001లో ఇగ్ నోబెల్ ఇచ్చారు.

నలుగురు, ఇద్దరు. అందులో 150 అనేది ఎక్కడా లేదు. 2002లో బ్రిటన్లో ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ తన పాలసీలు అమ్ముకోడానికి ఇచ్చిన ప్రెస్‌నోట్‌తో ఆ నంబరు ఊరి మీద పడింది, పేపర్లు ఎత్తుకున్నాయి, అక్కణ్ణించి క్విజ్ పుస్తకాల్లోకి, వాట్సాపులోకి, ఇప్పుడు మా అప్పడాల పీట మీదకి. ఒక్క సబ్‌ఎడిటరు "ఈ లెక్క ఎవడు కట్టాడ్రా" అని అడిగి ఉంటే అక్కడే ఆగేది. పైగా అసలు కథే ఎక్కువ బావుంది కదండీ, వార్డులోకి వచ్చే దెబ్బలు చూసి చూసి, ఇది నవ్వులాట కాదు రాసిపెట్టాలి అనుకున్న డాక్టరు. మా పెద్దత్త మాత్రం ఇదంతా విని కొబ్బరికాయకి మూడు కళ్ళుంటాయి, మనిషిని చూసే పడుతుంది, న్యూగినీ వాళ్ళు చూడకుండా నడిచుంటారు అని తేల్చేసింది. ఆవిడకి ఇగ్ నోబెల్ ఇచ్చినా తప్పులేదు.

మన దేశం వాళ్ళకి వచ్చినవి కూడా బోల్డు ఉన్నాయి, అవి మాత్రం తెలుగు పేపర్లో సరిగ్గా చదివిన గుర్తు లేదు. బెంగుళూరు నిమ్‌హాన్స్ డాక్టర్లు చిత్తరంజన్ ఆండ్రడే, శ్రీహరి గార్లు స్కూలు పిల్లలు ముక్కులో వేలు పెట్టుకోడం మీద సర్వే చేశారు, 2001లో బహుమతి. కేరళ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు శ్రీకుమార్, నిర్మలన్ గార్లు ఏనుగు ఒంటి మీద చర్మం మొత్తం ఎన్ని చదరపు మీటర్లు ఉంటుందో ఎత్తూ, ముందు పాదం చుట్టుకొలతా తీసుకుని చెప్పే లెక్క కనిపెట్టారు, 2002. మొన్న 2025లో వికాస్ కుమార్, సార్థక్ మిత్తల్ అని ఇద్దరు, హాస్టల్ కుర్రాళ్ళ బూట్ల కంపు మీద. బూట్ల స్టాండులో అల్ట్రావయొలెట్ లైటు పెట్టి ఆ కంపు పుట్టించే బ్యాక్టీరియాని చంపడం, రెండు మూడు నిమిషాలు చాలు, ఎక్కువసేపు పెడితే కంపు పోయి రబ్బరు మాడిన వాసన వస్తుందట. ఆ మాడిన వాసన దగ్గర మా వాడు, తొమ్మిదో క్లాసు, కింద పడి దొర్లి నవ్వాడు, నవ్వేసి "మరి ఎండలో పెడితే చావదా" అని అడిగాడు. ఒడియా మీడియంలో సైన్సు చదివే కుర్రాడు తెలుగులో ఒక సైన్సు ప్రశ్న అడగడం మా ఇంట్లో మామూలుగా జరిగే పని కాదండీ. వాడు తెలుగు పేపరు ముట్టుకోడు, ఆ పాడ్‌కాస్టు మాత్రం వింటాడు. అందుకే మాస్టారు ఆపించాలి అన్నప్పుడు నాకు గుండెల్లో రాయి పడింది.

ఇంకో ముక్క, మధ్యలో చెప్పేస్తాను. ఆ కుర్రోళ్ళకి కూడా ఒక మాట. తెలివితక్కువ సైంటిస్టు వస్తే చాలు మా యాస పెడతారు, ఏటి, ఓలమ్మ, ఎలగెలగ అని. తెలివైన సైంటిస్టు మాత్రం శుభ్రంగా టీవీ యాంకర్లా మాట్లాడతాడు. మీ జోకులన్నిటి కన్నా గట్టి ప్రశ్న మా పెద్దత్త అడిగింది ఆ యాసలోనే అని మీకు తెలీదు పాపం. సరే అది వదిలేద్దాం.

ఒక్కసారి మాత్రం వాళ్ళు పూర్తిగా చెప్పారు, అది ఎంత బాగా పండిందో కూడా రాయాలి. ఒంటికి పోవడం గురించి. అమెరికాలో ప్యాట్రీషియా యాంగ్, డేవిడ్ హూ వాళ్ళు జూలోకి వెళ్ళి జంతువులు ఒంటికి పోస్తుంటే వీడియోలు తీసి టైము చూశారు. 3 కేజీలు దాటిన పాలిచ్చే జంతువు ఏదైనా సరే, మేకైనా ఏనుగైనా, సుమారు 21 సెకన్లలో ఖాళీ చేస్తుంది, అటూ ఇటూ 13 సెకన్లు తేడా. ఏనుగు మూత్రసంచి 18 లీటర్లు పడుతుంది, అయినా అంతే. ఎందుకంటే పెద్ద జంతువుకి సంచితో పాటు గొట్టం కూడా పెద్దది, ఏనుగుకి మీటరు పొడుగు, పొడుగైన కొద్దీ లోపలి నీటి బరువే జోరు పెంచుతుంది, వెడల్పు ఎక్కువ కాబట్టి ధార లావు. ఎలక లాంటి చిన్న ప్రాణికి ఇది వర్తించదు, దానికి ధార కాదు, చుక్కలు, చిటికెలో అయిపోతుంది. జంతువులకి మూత్రం జబ్బు ఉందో లేదో కనిపెట్టడానికి ఇది పనికొస్తుందని వాళ్ళే రాశారు, 2015లో ఇగ్ నోబెల్.

ఈసారి మొదటివాడు ఎందుకో ఇదంతా చదివాడు, రెండోవాడు "అయితే మామా, మీటింగు మధ్యలో నువ్వెళ్ళిన పావుగంట దేనికి" అని అడిగాడు, అది అసలైన జోకు, ఎందుకంటే 21 సెకన్లు తెలిసినవాడికే అది పేలుతుంది. ఆ సాయంత్రం మా వీధి పిల్లలు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పాలవాళ్ళ గేదెల వెనకాల కాపలా కాశారు. పాలాయన మొదట తరిమాడు, సంగతి చెప్తే ఆయనే వచ్చి "ఇప్పుడు పోస్తది, పెట్టండి పెట్టండి" అని అరిచాడు. గేదె లెక్కకి సరిపోయింది, ఆవు సరిపోయింది, మేకపోతు మాత్రం సహకరించలేదు. పిల్లలు గోడ మీద బొగ్గుతో సెకన్లు రాసుకున్నారు, ఒడియా అంకెల్లో. ఒకడు "చూడి గేదెని వేరే రాయాలేమో, కడుపులో దూడ నొక్కుద్ది కదా" అన్నాడు. ఎవరు నేర్పారు వాడికి? ఎలా కొలిచారో చెప్పారు కాబట్టే ఆ పిల్లలు కొలవగలిగారు. "జంతువులన్నీ ఒకే టైములో పోస్తాయని శాస్త్రవేత్తలు తేల్చారు, వింతగా ఉందే!" అని వదిలేసి ఉంటే ఓహో అనుకుని నిద్రపోయేవాళ్ళు.

కాబట్టి ఎడిటర్ గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ మూల బాక్సు తీసెయ్యమనట్లేదు, అగ్గిపెట్ట నుంచి సబ్బుబిళ్ళ సైజు చెయ్యండి చాలు. ఎవరు, ఏ ఊళ్ళో, ఎన్నింటి మీద, దేంతో పోల్చి చూశారు, ఇంకా తేలనిది ఏంటి, నాలుగైదు లైన్లు. గూగుల్ ఫోటో తీసేస్తే ఆ చోటు వచ్చేస్తుంది. మా దాకా వచ్చే ఎడిషన్లో మూడు పేజీలు రియల్ ఎస్టేట్ యాడ్లే, మేం ఇచ్ఛాపురం దాటొచ్చి ప్లాటు కొనం, ఆ నాలుగు లైన్లు మాకేస్తే చదువుకుంటాం. మీరు పూర్తిగా వేస్తే ఆ కుర్రోళ్ళు పూర్తిగా చదువుతారు, వాళ్ళ జోకులు కూడా బాగుపడతాయి.

ఇంక తాబేళ్ళు. ఆమధ్య వాళ్ళు చదివిన వార్త, సముద్ర తాబేలు గుడ్డు ఇసక వేడిగా ఉంటే ఆడపిల్ల, చల్లగా ఉంటే మగపిల్లాడు అవుతుంది అని. దాని మీద ఆడవాళ్ళ కోపం, వేడి, వంటింట్లో గ్యాసు పొయ్యి అంటూ పాచి జోకులు అరగంట. మాకు ఒక్కరికీ నవ్వు రాలేదు. జోకు చెడ్డదని కాదు, సరే చెడ్డదే, కానీ అది మా ఊరి వార్త, వాళ్ళు ఎక్కడిదో ఆస్ట్రేలియా వార్తలా చదివారు, పేపర్లో కూడా ఊరు పేరు వెయ్యలేదు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు మా గంజాం జిల్లాలోనే, బరంపురం నుంచి గంట ప్రయాణం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో ఒక్కసారిగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, 2025లో అయితే 6 లక్షలకి పైన వచ్చాయి. తల్లి రాత్రిపూట వచ్చి వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, ఓ వంద, నూటపాతిక గుడ్లు పెట్టి, ఇసక కప్పి, ఒంటితో దబదబా కొట్టి చదును చేసి వెళ్ళిపోతుంది, మళ్ళీ చూడదు. ఆడో మగో తేల్చే క్రోమోజోములు మనకున్నట్టు వాటికి లేవు. గుడ్డు ఇసకలో ఉన్న రోజుల్లో మధ్య వంతులో ఇసక ఎంత వేడిగా ఉందో దాన్ని బట్టి తేలుతుంది, ఇంచుమించు 29, 30 డిగ్రీల దగ్గర సగం సగం, పైకి పోతే ఆడవి ఎక్కువ, కిందకి పోతే మగవి ఎక్కువ. ఎండలు ఏటికేడు పెరిగి ఇసక కాలిపోతుంటే మగ తాబేళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి అన్నదే అసలు వార్త, అది ఆ బాక్సులో లేదు.

ఇంకో తమాషా, పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని పైకొచ్చాక ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతాయి, చీకట్లో సముద్రం మీద ఆకాశమే వెలుతురు కాబట్టి నీళ్ళలోకి పోతాయి, ఊరి వైపు లైట్లు వెలుగుతుంటే ఊళ్ళోకొస్తాయి. అందుకే ఆ రోజుల్లో ఒడ్డు వైపు లైట్లు ఆపమంటారు. పొద్దున్న లేచేసరికి రోడ్డు మీద అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలు, ఊళ్ళోవాళ్ళు గంపల్లో ఎత్తుకెళ్ళి నీళ్ళ దగ్గర వదలడం. దీంట్లో నవ్వొచ్చేవి ఎన్ని ఉన్నాయి, కళ్ళు తడి అయ్యేవి ఎన్ని ఉన్నాయి, ఆ గ్యాసు పొయ్యి జోకు తప్ప ఏదీ దొరకలేదా?

ఇవన్నీ పుస్తకంలో చదివి రాయట్లేదు, అక్కడి మత్స్యకారుల్లో చాలామంది తెలుగువాళ్ళే, మా దగ్గర అప్పడాలు తీసుకెళ్ళేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఏ గాలి తిరిగితే తాబేళ్ళు ఎక్కుతాయో వాళ్ళు ముందే చెప్పేస్తారు, సైంటిస్టులు వచ్చి వాళ్ళనే అడుగుతారు. మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి, ఒక్కో ఏడు అసలు రావు. ఈసారి మీ విలేకరిని ఎవరినైనా పంపించండి. ఒడియా రాకపోయినా పర్లేదు, బరంపురం స్టేషన్లో దిగితే గంజాం బస్సు దొరుకుతుంది. ఇసకలో వేడి కొలిచే థర్మామీటర్లు ఎక్కడ పాతారో, ఎంత లోతులో పాతారో కూడా అడిగి రాయమనండి, మా పెద్దత్త అది అడుగుతుంది.

ఇట్లు,
అప్పడాల ఇంటి పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిషా